ఆదివారం, నాలుగు నుంచి ఐదు

నాలుగు గంటలకి ఇంకా మూడు నిమిషాలుండగానే లక్ష్మీకాంత్ మంచం మీద దిండు నిలబెట్టి, దానికి వీపు ఆన్చి, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, దాని మీద ఆ యంత్రాన్ని పెట్టుకుని కూర్చున్నాడు. పలక కన్నా కొంచెం పొడవు, రెండు పక్కలా రెండు పిడులు, బొటనవేళ్ళ కిందికి వచ్చేట్టు రెండు బొడిపెలు, మధ్యలో తెర. చేత్తో పట్టుకుని ఆటలాడే కంప్యూటరు. నలభై నాలుగేళ్ళ మనిషి, నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్, ఋషికుల్య కాలువల గట్లు గీసి గీసి చూపు మందగించినవాడు, పేకముక్క కూడా ముట్టుకోనివాడు, బరంపురం మెడికల్ కాలేజీలో పీజీ చేస్తున్న ఒకతని దగ్గర ఈ వస్తువుని సెకండ్ హ్యాండులో కొన్నాడంటే దానికి కారణం అన్విత. అన్వితకి పదకొండేళ్ళు. ఏడు నెలలుగా విశాఖపట్నంలో వాళ్ళమ్మ ఉమాదేవి దగ్గర ఉంటోంది. ఆదివారం నాలుగు నుంచి ఐదు దాకా తండ్రీకూతుళ్ళు వీడియోలో మాట్లాడుకోవచ్చునని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కౌన్సెలర్ ముందు కూర్చుని సంతకాలు పెట్టారు. వారానికి ఒక్క గంట. గడియారం ముల్లు పన్నెండు మీదికి రాగానే మీట నొక్కాడు. తెర వెలిగింది, ఆట బొమ్మ కనిపించింది, నొక్కాడు. అప్‌డేట్ కావాలంది. ఆరు గిగాబైట్లు.

పొద్దున్న తొమ్మిదింటికి చూస్తే అంతా సిద్ధం అంది కదా ఇది. పదకొండింటికి కూడా అంది. భోజనం చేసి చెయ్యి తుడుచుకుంటూ చూసినప్పుడు కూడా అంది. నాలుగు గంటలకి సరిగ్గా గుర్తొచ్చిందా దీనికి, ఇంకా ఆరు గిగాబైట్లు తినలేదని. నీలం గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకడం మొదలుపెట్టింది, మిగిలిన సమయం పద్దెనిమిది నిమిషాలు అంది, అంతలో ముప్పై ఒకటి అంది, మళ్ళీ పన్నెండు అంది. కచ్చితంగా ఒక మాట మీద నిలబడలేని వస్తువుని కనిపెట్టినవాడెవడో గానీ వాణ్ణి తీసుకొచ్చి తను పనిచేసే కొడల సబ్ డివిజన్ ఆఫీసులో ఒక్క వేసవి కూర్చోబెట్టాలి అనుకున్నాడు. ఫోన్ తీసి అన్వితకి మెసేజ్ పెట్టాడు, అప్‌డేట్ అవుతంది, పది నిమిషాలు అని. వెంటనే జవాబు వచ్చింది: సరే నాన్నా, గేటు దగ్గర ఉంటా. ఏ గేటు? ఆ ఆటలో ఎక్కడో ఒక గేటు ఉంటుంది కాబోలు. అక్కడ నిలబడి ఉంటుంది కాబోలు పిల్ల. వీడియోలో అయితే ఈపాటికి ముఖమైనా చూసేవాడు. కానీ ఆ ముఖం ఏ ముఖం? తెర మీద అన్విత ఎప్పుడూ తనని చూసేది కాదు, మూలన చిన్న డబ్బాలో కనబడే తన బొమ్మనే చూసుకుంటూ జుట్టు చెవి వెనక్కి తోసుకుంటూ కూర్చునేది. తిన్నావా. తిన్నా. ఏం కూర. తెలీదు. స్కూల్లో ఏం చెప్పారు. ఏం లేదు. మొదటి నెల తర్వాత లక్ష్మీకాంత్ అడగవలసిన ప్రశ్నలు కాయితం మీద రాసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. పదిహేను ప్రశ్నలు రాసుకుంటే నాలుగున్నరకల్లా అయిపోయేవి. తర్వాత అరగంట ఇద్దరూ ఒకరి గదిలో ఫ్యాను చప్పుడు ఒకరు వినేవారు. పోయిన ఆదివారం ఐదుకి రెండు నిమిషాలుందనగా పిల్లే అంది, నాన్నా, నీకు ఇలా బాగుందా, అని. బాగుందమ్మా, అన్నాడు. నాకు బాగోలేదు, నువ్వు నైన్ ఐల్స్‌లోకి వస్తావా, అక్కడైతే నడుస్తూ మాట్లాడుకోవచ్చు, అంది. నైన్ ఐల్స్ అంటే తొమ్మిది ద్వీపాలున్న ఆట. లోకంలో ఎక్కడెక్కడి వాళ్ళో వేషాలు వేసుకుని అందులో తిరుగుతుంటారు, రాక్షసుల్ని కొడతారు, బేరాలు చేస్తారు, ఊరికే కూర్చుంటారు. చూద్దాం, అనబోయాడు లక్ష్మీకాంత్. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటని ఎందుకో మింగి, వస్తాను, అన్నాడు.

వస్తాననడం ఎంత తేలిక. సోమవారం నుంచి ఇదే గోల. ఎనభై గిగాబైట్ల ఆట. ఇంట్లో ఇంటర్నెట్టు మొదటి రాత్రే చచ్చింది, ఫోన్ చేస్తే లైను వాడు, హెబొ సార్, హెబొ, అయిపోతుంది అని మూడు రోజులు నడిపించాడు. గురువారం కొడల వెళ్ళే బస్సులో ఒళ్ళో దీన్ని పెట్టుకుని ఫోన్ నెట్టుతో దింపబోతే పక్క సీటులో కూర్చున్న చేపల గంపామె, మార్కండి ఊరి మనిషి, ఏటి బాబూ అది, కరెంటు పొయ్యా, అని అడిగింది. అవునన్నాడు. నిజంగానే పొయ్యిలా కాలింది ఒడి. నీలం గీత ఇప్పుడు సగానికొచ్చింది, నాలుగూ తొమ్మిది. తల్లి కమలాంబ కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆదివారం నాలుగు దాటాక ఆవిడ కూడా వచ్చి కొడుకు భుజం మీంచి తొంగిచూసి మనవరాలిని పలకరించి వెళ్ళడం అలవాటు.

"పిల్ల ఏదిరా?"

"ఇందులో లేదమ్మా. ఇంకా రాలేదు. నేనే లోపలికి ఎల్లాలి."

"ఎక్కడికెల్తావు, మంచం మీదే కూకున్నావు కదా. ముఖం కనబడతాదా కనబడదా?"

"కనబడదు."

"మరెందుకది?" అని, జవాబు కోసం ఆగకుండా గ్లాసు కిటికీలో పెట్టి, మేడ మీద ఎండబెట్టిన అప్పడాలు తీసుకురావాలంటూ వెళ్ళిపోయింది. మరెందుకది. ఆ ముక్క తనకీ తెలిస్తే బాగుండేది.

నాలుగూ పధ్నాలుగుకి గీత చివరిదాకా పాకింది. ఆట తలుపు దగ్గర చిన్న పెట్టె వచ్చింది, పేరు, పాస్‌వర్డు. పేరు మీద వేలు పెట్టగానే కింద నుంచి అక్షరాల పలక లేచి పాస్‌వర్డు గడిని పూర్తిగా కప్పేసింది. పలక దించితే గడి కనబడుతుంది, గడి కనబడితే పలక లేదు. ఇది తయారుచేసినవాడు ఒక్కసారైనా దీని మీద తన పేరు తాను రాసుకుని చూశాడా. కళ్ళు మూసుకుని రాసినట్టు గుడ్డిగా రాశాడు, తప్పు అంది, మళ్ళీ రాశాడు, ఆ ఎట్ గుర్తు మొదటి పలకలో లేదు, రెండో పలకలో లేదు, మూడో దాంట్లో ఓ మూలన నక్కి ఉంది. మూడోసారికి ఒప్పుకుంది. ఒప్పుకుని, మీ ఫోన్‌కి ఒక నంబరు పంపాం, అది ఇక్కడ రాయండి, అంది. ఫోన్ చూశాడు. ఏమీ రాలేదు. మళ్ళీ తెర చూశాడు. నంబరు పంపిన ఫోను చివరి రెండంకెలు ముప్పై ఆరు. తన ఫోను చివర తొంభై. ముప్పై ఆరు ఎవరిదో తెలుసుకోవడానికి లక్ష్మీకాంత్‌కి ఏ పుస్తకమూ తిరగెయ్యక్కర్లేదు, పన్నెండేళ్ళుగా నోటికి వచ్చిన నంబరు అది. ఉమాదేవిది. అన్వితకి ఎనిమిదేళ్ళప్పుడు ఇదే కంపెనీ వాళ్ళ బొమ్మలేసే ఆట ఒకటి కావాలంటే ఇంట్లో అందరికీ కలిపి ఒక ఖాతా తెరిచారు, ఫోన్ నంబరు దగ్గర ఉమ తనది పెట్టింది. ఆ ఖాతాలోంచే రా నాన్నా, అప్పుడే మనిద్దరం ఒక ఇల్లు అని ఆటకి తెలుస్తుంది, పక్కపక్కన దింపుతుంది, అంది పిల్ల. ఒక ఇల్లట. ఆటకి తెలియాలట.

ఏడు నెలల్లో ఉమతో నేరుగా మాట్లాడలేదు. అన్నీ మెసేజీలే, ఆఫీసు నోట్ల లాంటివి: ఫీజు రసీదు పంపగలరు, టీకా కార్డు అందినది. నంబరు నొక్కకుండా బొటనవేలు గాల్లో పెట్టుకుని కూర్చుంటే నాలుగూ ఇరవై అయింది. అడగడానికి ఏముంది, ఆరంకెలు. ఆరంకెలు అడగలేనంత దూరం పోయామా. పోయాం. పోయే ముందు రెండేళ్ళు ఇంట్లో జరిగిన గొడవల్ని ఎవరైనా గోడవతల నుంచి వింటే వాళ్ళకి ఒక్క గొంతే వినిపించి ఉంటుంది, ఉమది. తను జవాబు చెప్పేవాడు కాడు. గొడవ పెరగకుండా ఉండటానికి అనుకునేవాడు. బ్యాంకులో ఉమకి ప్రమోషన్ వచ్చి విశాఖపట్నం వెయ్యబోతున్నారని తెలిసిన రోజు నుంచి, మీరూ అక్కడికి డెప్యుటేషన్ అడగండి, లేకపోతే సెలవు పెట్టండి, లేకపోతే రానని చెప్పండి, ఏదో ఒకటి చెప్పండి, అనేది. చూద్దాం, అనేవాడు. మీ చూద్దాంతో నాకు పన్నెండేళ్ళు అయిపోనాయండీ, అంది చివరికి, అరవకుండానే. ఆ అరవకపోవడమే భయపెట్టింది. నొక్కాడు. ఒక్క రింగుకే ఎత్తింది.

"ఓటీపీయేనా?" అంది ఉమ. "ఇప్పుడే వచ్చింది. రాసుకోండి. నాలుగు, సున్నా, ఏడు..."

రాస్తుండగానే పలక మాయమైంది, మళ్ళీ తెప్పించేలోగా గడువు దాటిపోయింది. "ఇంకోటి పంపమను," అన్నాడు, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆవిడ నిట్టూర్చలేదు. ఇంకో నంబరు వచ్చింది, ఈసారి రెండేసి అంకెలుగా, అతని వేళ్ళ వేగం తెలిసినట్టు ఆగి ఆగి చెప్పింది. తలుపు తెరుచుకుంది.

"లోపలికెల్లాక తెర నల్లగా వస్తే ఫోన్ సెయ్యండి," అంది.

"నల్లగా ఎందుకొస్తాది?"

"వస్తాది," అని పెట్టేసింది.

ఇదే. సరిగ్గా ఇదే తనకి పడనిది. కుక్కరు మూడు కూతలకే దింపండి, వర్షమొస్తాది గొడుగు పట్టుకెళ్ళండి, ఆ సంతకం కింద తేదీ వెయ్యండి. ముందే తెలిసినట్టు చెప్పడం. కాలువ పటాలు గీసే మనిషికి గొడుగు గురించి చెప్పాలా. నల్లగా ఎందుకొస్తాదట. మీట నొక్కాడు. కంపెనీ గుర్తు వచ్చింది, సంగీతం వచ్చింది, ఆ తర్వాత తెర నల్లగా అయిపోయింది. సంగీతం మాత్రం నడుస్తోంది, వీణ లాంటిదేదో, సముద్రం చప్పుడు. నల్లటి సముద్రం ఒడ్డున నిలబడ్డట్టు ఒక నిమిషం చూశాడు. ఆపి మళ్ళీ తెరిచాడు. మళ్ళీ నలుపు. నాలుగూ ఇరవై ఎనిమిది. కిటికీలో కాఫీ మీద మీగడ కట్టింది. సిగ్గుపడటానికి కూడా వ్యవధి లేదు. మళ్ళీ నొక్కాడు నంబరు.

"నల్లగా వచ్చింది," అన్నాడు.

"ఆఁ." ఆ ఆఁలో వెక్కిరింపు ఉంటుందేమోనని వెతికాడు, లేదు. "అది విండోస్ కాదు కదండీ. విండోస్ ఆటని ఇందులో నడిపించడానికి మధ్యలో ఒక దుబాసీ లాంటిది ఉంటాది. కొత్త దుబాసీకి ఈ ఆట భాష సరిగా రాదు. ఆట బొమ్మ మీద కుడిపక్క మూడు గీతలుంటాయి, సూడండి. అందులోకెల్లి పాత వెర్షన్ ఎంచుకోండి. పైనుంచి నాలుగోది."

మూడు గీతలు దొరికాయి. పైనుంచి నాలుగోది దొరికింది. చదువుతుంటే అక్షరాలు చీమల్లా ఉన్నాయి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి తెరని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. దుబాసీ అన్న మాట ఉమకి ఎక్కడ దొరికిందా అనుకున్నాడు, బ్యాంకు మనిషికి. ఇవన్నీ ఎలా తెలిశాయని అడుగుదామా. అడగకముందే ఆవిడే అంది, "అన్వీకి ఇదే పెట్టివ్వడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది," అని. తర్వాత కొంచెం ఆగి, "గేటు దగ్గరే ఉంది. ఎవరో ఆటకి రమ్మన్నా ఎల్లలేదు," అంది. ఈసారి ఫోన్ ఇద్దరిలో ముందు ఎవరు పెట్టేశారో తెలియలేదు.

రెండు ఆదివారాలు. అంటే ఆవిడ కూడా ఇలాగే ఒళ్ళో పెట్టుకుని, అద్దె ఇంట్లో, వారమంతా బ్యాంకులో జనంతో మాట్లాడి వచ్చి, ఉన్న ఒక్క సెలవు రోజున ఈ నల్లటి తెర ముందు కూర్చుంది. ఇలా ఫోన్ చేసి అడగడానికి ఆవిడకెవరున్నారు. ఆట ఈసారి తెరుచుకుంది. తెరుచుకుని, వెలుగునీడల లెక్కలు వేసుకుంటున్నాను, ఆగండి, అంది. పన్నెండు శాతం. ఫ్యాను లేచింది లోపల, మిక్సీలా. లెక్కలేవో ముందే వేసుకుని చావొచ్చు కదా, పొద్దున్నుంచి ఊరికే పడి ఉన్నావు కదా. ఇరవై. ఇరవై ఒకటి. ముప్పై ఐదుకి దూకి అక్కడ కూలబడింది. ఆఫీసులో కొత్త ప్రింటరు కూడా ఇంతే, అందరూ దాని ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకున్నప్పుడే మొరాయిస్తుంది. అన్విత చిన్నప్పుడు ఈ మంచం మీదే పడుకుని జ్వరంతో, నాన్నా, ఎంతసేపు, అని అడిగేది, ఎంతసేపు అంటే జ్వరం తగ్గడానికి. ఇంకో కథయ్యేసరికి తగ్గుతుంది, అనేవాడు. కథలు చెప్పేవాడా తను. చెప్పేవాడు. ఎప్పుడు మానేశాడు. మానెయ్యాలని అనుకున్న రోజంటూ లేదు, ఒకరోజు చూసుకుంటే మానేసి ఉన్నాడు. డెబ్భై. నాలుగూ ముప్పై ఆరు. ఇరవై నాలుగు నిమిషాలున్నాయి. ఇంకో ఏడురోజుల దాకా అంతే. వంద.

మీ పేరు ఎంచుకోండి, అంది ఆట. లక్ష్మీకాంత్ అని రాశాడు. ఈ పేరు ఇదివరకే ఎవరో తీసుకున్నారు, అంది. ఎవడు వాడు. ఏ ద్వీపంలో తిరుగుతున్నాడు తన పేరు పెట్టుకుని. వెనక బరంపురం చేర్చాడు, అక్షరాలు ఎక్కువయ్యాయంది. కాంత్ అని రాస్తే అక్షరాలు తక్కువయ్యాయంది. చివరికి అదే ఒక పేరు చూపించింది, లక్ష్మీకాంత్ నాలుగు వేల నాలుగు వందల పదిహేడు. ఖైదీ నంబరులా ఉంది. సరేనన్నాడు. తర్వాత ముఖం. ముక్కు పొడవు ఎంత, ముక్కు వెడల్పు ఎంత, గడ్డం, కనుబొమలు, కొమ్ములు. కొమ్ములెందుకు. దాటెయ్ అన్న మీట కోసం వెతికాడు, లేదు. ఏదో నొక్కితే బొమ్మ దానంతట అదే మారిపోయి నీలం జుట్టుతో, రెండు మేక కొమ్ములతో, పొడుగాటి ఆడమనిషి నిలబడింది. మేడ మీద నుంచి చాటతో దిగివచ్చిన కమలాంబ గుమ్మంలో ఆగి చూసింది.

"ఎవతిరా అది?"

"నేనేనమ్మా."

ఆవిడ చాటతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. మార్చుదామని వెనక్కి వెళ్ళబోయి గడియారం చూశాడు. నాలుగూ నలభై ఒకటి. కొమ్ములుంటే ఉండనీ. ముందుకి నొక్కాడు.

ఒడ్డు కనిపించింది. కనిపించింది అనకూడదు, ముక్కలు ముక్కలుగా ఊడిపడింది. ఇసుక వచ్చింది, ఆగింది, నీరు వచ్చింది, ఆగింది, కొబ్బరిచెట్టు సగం వచ్చింది. ముందుకి తోస్తే మనిషి ఒక అడుగు వేసి నాలుగడుగుల అవతల తేలుతోంది. మూలన చిన్న అంకె పదకొండు అని చూపిస్తోంది, సెకనుకి పదకొండు బొమ్మలు. యంత్రం అరచేతుల్లో సలసలా కాలుతోంది. కుడి బొడిపె తిప్పితే ఆకాశం తిరిగింది, ఎడమది తిప్పితే నీలంజుట్టామె వెళ్ళి నీళ్ళలో పడింది. లక్ష్మీకాంత్ దాన్ని ఎత్తి గోడకేసి కొడదామా అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, చేతులు అంగుళం పైకి లేచాయి కూడా. ఏ రోజూ గొంతు పెంచని మనిషికి, పళ్ళెం విసరని మనిషికి, ఒక ప్లాస్టిక్ పలక మీద ఇంత కోపం ఎక్కడ నుంచి వచ్చింది. ఇన్నేళ్ళూ ఎక్కడుంది. కోపం ఉన్నవాడినని ఉమకి తెలిస్తే ఒకవేళ సంతోషించేదేమో. ఫోన్ మోగలేదు, మెసేజ్ వచ్చింది. ఉమది. ఏ గౌరవవాచకమూ లేకుండా, ఒక్కో ముక్క ఒక్కో వరసలో: నీడలు ఆపెయ్. గడ్డి ఆపెయ్. నీళ్ళలో ప్రతిబింబాలు ఆపెయ్. దూరం తగ్గించు. బొమ్మలు నలభై దగ్గర కట్టెయ్. కరెంటు పదిహేను వాట్లు. అక్షరాలు పెద్దవి. చివర్న, ఆలోచించకు, అన్నీ చెయ్.

పన్నెండేళ్ళలో ఆవిడ తనని నువ్వు అన్నది కోపంలో రెండుసార్లు, ప్రసవం నొప్పుల్లో ఒకసారి. చెప్పినట్టు చేశాడు. నీడలు పోయాయి, మనుషులు గాల్లో నిలబడ్డట్టున్నారు. గడ్డి పోయింది, నేల పరిచిన చాపలా అయింది. దూరంలో ఉన్న కోటలూ కొండలూ మంచులోకి వెళ్ళిపోయాయి. పదకొండు పంతొమ్మిదైంది, ఇరవై ఎనిమిదైంది, నలభై దగ్గర ఆగి కదలకుండా నిలబడింది. నీలంజుట్టామె నీళ్ళలోంచి లేచి నడిచింది. నడక ఇంత సాఫీగా ఉండొచ్చా అనిపించింది లక్ష్మీకాంత్‌కి, ఒక్క క్షణం కాళ్ళు తనవే అయినట్టు. మాటల మీట ఎక్కడుందో వెతుకుతుండగానే యంత్రంలోంచి, చెవి పక్కనే అన్నంత దగ్గరగా, వినిపించింది.

"నాన్నా, ఆ కొమ్ములు నువ్వేనా?"

చెక్కగేటు కింద చిన్న ఆకారం ఒకటి, వీపున విల్లు, తల మీద గుమ్మడిపండు టోపీ. గుమ్మడి అని పేరు తేలుతోంది పైన. దాని చుట్టూ రెక్కల గుర్రాల మీద ఎవరెవరో వచ్చి పోతున్నారు. అది మాత్రం కదలకుండా నిలబడి ఉంది, నలభై ఆరు నిమిషాలుగా.

"నేనే," అన్నాడు. "మార్చడానికి టైము లేకపోయింది."

అన్విత నవ్వింది. ఏడు నెలల్లో ఏ ఆదివారమూ వినని నవ్వు, ముక్కులోంచి మొదలై తెరలు తెరలుగా వచ్చేది. నా వెనకాలే రా, అంది. గేటు దాటి మెట్లెక్కింది. ఎక్కుతూ మాట్లాడటం మొదలుపెట్టింది. ఇక్కడ తేళ్ళుంటాయి కానీ నేనుంటే దగ్గరికి రావు, స్కూల్లో అన్నీ తెలుగులో తిడతారు నాన్నా నాకు సగం అర్థం కావు, నాకు ఒడియా పాటొచ్చని మా మేడమ్ స్టేజీ ఎక్కించింది, మేముండే మేడ మీద నుంచి ఓడలు కనబడతాయి, అమ్మ పొద్దున్నే లేచి ఒక్కర్తీ కూకుని టీ తాగుతాది, నేను లేచినట్టు తెలీనివ్వను, అటు కాదు, ఇటు. కాయితం మీద పదిహేను ప్రశ్నలు రాసుకున్న మనిషి ఒక్కటీ అడగలేదు. ఆఁ, అంటున్నాడు. తర్వాత, అంటున్నాడు. ముఖం లేకపోవడమే మంచిదయిందా. పక్కన నడిచేవాళ్ళు ముఖాలు చూసుకోరు కదా, కాలువ గట్టు మీద సర్వేకి వెళ్ళినప్పుడు కొలత గొలుసు పట్టే చైన్‌మన్ జగ్గారావు ఇంటి సంగతులన్నీ అలాగే చెప్పేవాడు, ఇద్దరూ ముందుకే చూస్తూ. కొండ సగంలో మెట్లు ఇరుకయ్యాయి. గుమ్మడి ముందు, కొమ్ములామె వెనక. నాలుగూ యాభై మూడు.

"నాన్నా, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఆరోజు స్టేషన్‌లో నువ్వు ఉండిపొమ్మని ఎందుకనలేదు?" గుమ్మడి ఆగకుండా ఎక్కుతోంది. "అమ్మని అనకపోతే అనకపోయావు. నన్నైనా."

బొటనవేలు బొడిపె మీద బిగుసుకుపోయింది, కొమ్ములామె గోడకి ముఖం ఆనించి అక్కడే అడుగులు వేస్తోంది. ఆరోజు రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. లక్ష్మీకాంత్ ఆ ఇరవై నిమిషాల్లో సామాను మూడుసార్లు లెక్కపెట్టాడు, బోగీ ఎక్కడ ఆగుతుందో పోర్టరుని అడిగాడు, రైలు రాగానే ముందు తనే ఎక్కి పెట్టెలు సీటు కిందికి తోసి, వాటికి గొలుసు వేసి, తాళంచెవి ఉమ చేతిలో పెట్టి, పిల్లని కిటికీ పక్కన కూర్చోబెట్టి, దిగి, నీళ్ళ సీసా నింపుకొచ్చి ఊచల్లోంచి అందించి, మూత గట్టిగా ఉందా అని అడిగాడు. రైలు కదిలేదాకా ఆ మూత గురించే మాట్లాడాడు. ఎంత బాగా సాగనంపాడు. ఒక్క సామాను మర్చిపోలేదు. ప్లాట్‌ఫారం మీద చూసినవాళ్ళెవరైనా ఇంత జాగ్రత్తగా చూసుకునే మనిషి ఉంటాడా అనుకుని ఉంటారు. కిటికీలోంచి పిల్ల చూసిన చూపుని ఇన్నాళ్ళూ నిద్రమొహం అనుకున్నాడు. ఎదురుచూడటం అది. నోటి దగ్గరికి మాటలు వస్తున్నాయి ఇప్పుడు, అన్నీ తెలిసినవే, నువ్వు చిన్నదానివి, పెద్దయ్యాక నీకే తెలుస్తుంది, అవన్నీ తర్వాత చూద్దాం. ఒక్కొక్కదాన్నీ పట్టి ఆపాడు. ఆపితే వెనకాల ఏముందో చూశాడు. వెనకాల ఉన్నది చిన్నది, చెప్పడానికి సిగ్గుగా ఉన్నది.

"భయమేసింది," అన్నాడు. "ఉండిపొమ్మంటే మీ అమ్మ, మీరే రండి, అంటాది. దానికి నా దగ్గర జవాబు లేదు. వస్తాననే ధైర్యం లేదు, రాననే ధైర్యం లేదు. అందుకని ఎవర్నీ ఏదీ అడగలేదు. నిన్ను కూడా. అది తప్పు."

గుమ్మడి ఆగింది. నలభై బొమ్మల అంకె మూలన కదలకుండా ఉంది.

"నేనొద్దేమో నీకు, అనుకున్నా," అంది అన్విత.

"కాదు." ఇంకా ఏదో చేర్చాలనిపించింది, చేరిస్తే ఆ మాట పల్చబడుతుందనిపించింది. "కాదమ్మా," అన్నాడు మళ్ళీ.

దూరంగా, విశాఖపట్నంలో ఏదో గదిలో తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. అన్వీ, ఐదయింది, అంది ఉమ గొంతు. లక్ష్మీకాంత్ ఈసారి మాట మింగలేదు, అడగడానికి నోరు తెరిచాడు, ఉమా, ఇంకో అరగంట, అని. అనేశాడు కూడా. ఆ మాట యంత్రంలోంచి అక్కడి గదిలోకి వెళ్ళి ఉంటుంది, ఎందుకంటే కొంతసేపు అక్కడ అడుగుల చప్పుడు లేదు. తర్వాత తలుపు మూసుకున్న చప్పుడైంది, మెల్లగా, ఇవతల ఎవరో నిద్రపోతున్నప్పుడు మూసినట్టు.

"ఇక్కడ కూకుందాం," అంది అన్విత. మెట్ల పక్కన రాతి అరుగు మీద గుమ్మడి కూర్చుంది, కాళ్ళు ఊపుతూ.

"కూర్చోడం ఎలా?"

"కింది బాణం నొక్కి పట్టుకో. వదలకు."

నొక్కి పట్టుకున్నాడు. కొమ్ములామె కొంచెం తడబడి, పక్కకి జరిగి, కూర్చుంది. ఎదురుగా సముద్రం ఉండాలి, మంచులో తెల్లగా ఉంది అంతా.

"ఇప్పుడు సెప్పు," అంది పిల్ల. "మొదట్నించి."

లక్ష్మీకాంత్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "మొదట్నించంటే," అన్నాడు, "మీ అమ్మకి ప్రమోషన్ వచ్చిన రోజు నుంచి సెప్పాలి. ఆరోజు వర్షం. మీ అమ్మ తడిసిపోయి ఇంటికొచ్చింది, చేతిలో మిఠాయి పెట్టె. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను అంతకుముందు సూడలేదు. నేను ఏమీ అనలేదు."

"తర్వాత?" అంది అన్విత.